బాత్రూమ్ కింద జాయిస్ట్‌లు కుళ్ళితే: ఎపాక్సీ పోయాలా, పక్కన కొత్తది కట్టాలా, మొత్తం మార్చాలా?

మీరు అడిగింది ఇదీ. కమోడ్ చుట్టూ అడుగు వేస్తే నేల దిగుతోంది. టైల్స్, ప్లైవుడ్ ఊడదీసి చూస్తే కింద మూడు జాయిస్ట్‌లు, అంటే నేలను మోసే చెక్క దూలాలు, నల్లబడి ఉన్నాయి. ఒకటి మధ్యలో పైఅంచున రెండు వేళ్ళ మందం, అంటే సుమారు 35 మి.మీ. చివికిపోయింది. రెండోది గోడ మీద కూర్చునే కొన దగ్గర మెత్తబడింది. మూడోదానికి రంగు మారింది గానీ గట్టిగానే ఉంది. జాయిస్ట్‌ల కొలత 38 × 235 మి.మీ., నిడివి 3.6 మీటర్లు, వాటి మధ్య ఎడం 400 మి.మీ. కింద మనిషి పాకి వెళ్ళేంత ఖాళీ ఉంది. చెక్కను గట్టిపరిచే ఎపాక్సీ పోసి, పైన కొత్త ప్లైవుడ్ వేసేస్తే సరిపోతుందా అన్నది మీ ప్రశ్న.

సరిపోదు. మొదటిదానికి కుళ్ళినంత మేరా చెక్కేసి, పక్కన అదే లోతు (నిలువు కొలత) ఉన్న కొత్త జాయిస్ట్‌ను ఈ కొస నుంచి ఆ కొస దాకా జతకట్టాలి. సిస్టరింగ్ అంటారే, అది. రెండోదానికి కూడా అదే పని, కానీ కొత్త చెక్క ఆ గోడ మీద తనంతట తాను కూర్చోవాలి, పాత కొన మీద ఆధారపడకూడదు. మూడోదానికి ఆరబెట్టి, కుళ్ళును ఆపే మందు బోరేట్ పట్టిస్తే చాలు. ఈ మూడింటిలో ఏదీ నీళ్ళు ఎక్కడినుంచి వస్తున్నాయో తేలకముందు, చెక్కలో తేమ 20 శాతం కిందికి దిగకముందు మొదలుపెట్టకండి.

ఎపాక్సీ గురించి ఒక మాట. కిటికీ చట్రాలకు, తలుపు కమ్ములకు అది మంచి వస్తువు. జాయిస్ట్ సంగతి వేరు. బరువు పడినప్పుడు జాయిస్ట్ పైఅంచు నొక్కుకుంటుంది, కిందిఅంచు సాగుతుంది. ఆ లాగుడును కొస నుంచి కొస దాకా మోసేది చెక్కలోని పీచు. కుళ్ళులో తెగిపోయిన పీచును ఎపాక్సీ మళ్ళీ అతకలేదు, పైన గట్టి పెంకులా కట్టి ఊరుకుంటుంది. పైన పటారం, లోన లొటారం. పైగా ఆ పెంకు లోపలి తేమను బయటికి పోనివ్వదు.

ముందు నీళ్ళ సంగతి తేల్చండి

నీరు పల్లమెరుగు. తడి కనిపించిన చోటే లీకు ఉందనుకోకండి. ప్లైవుడ్ మీద పడ్డ నీరు వాలు వెతుక్కుంటూ మీటరో రెండు మీటర్లో పోయి, ఏ మేకు బెజ్జమో దొరికాక దిగుతుంది. మేకు చుట్టూ నల్లటి వలయం, దాని కింద జాయిస్ట్‌లో సన్నటి నల్ల గీత ఉంటే నీరు పైనుంచి దిగిందని అర్థం. జాయిస్ట్ పక్కల మీద సమంగా బూజు పట్టి, పైఅంచు శుభ్రంగా ఉంటే అది లీకు కాకపోవచ్చు, కింద నేల నుంచి వచ్చే చెమ్మ కావచ్చు. అలాంటప్పుడు కింది మట్టి మీద 0.15 మి.మీ. పాలిథీన్ షీటు, ఒకదాని మీద ఒకటి 300 మి.మీ. ఎక్కేలా పరిస్తేనే జబ్బు కుదురుతుంది. మీరు చెప్పినది పైఅంచు కుళ్ళు కాబట్టి లీకునే వెతకండి.

కమోడ్ దగ్గర ఎక్కువగా దొరికే దొంగ వ్యాక్స్ రింగ్, అంటే కమోడ్ అడుగుకూ మురుగు గొట్టానికీ మధ్య నీరు కారకుండా పెట్టే మైనపు చుట్ట. దాన్ని మార్చినా మళ్ళీ కారుతోందంటే కారణం ఫ్లాంజ్ (గొట్టం మూతి చుట్టూ నేలకు బిగించే వలయం) ఎత్తులో ఉంటుంది. ఎప్పుడో పాత టైల్స్ మీదే కొత్త టైల్స్ వేసి ఉంటారు, నేల 10, 15 మి.మీ. లేచి ఉంటుంది, ఫ్లాంజ్ మాత్రం కిందే ఉండిపోతుంది. మైనం అంత దూరం అందుకోలేదు. కమోడ్ రవ్వంత ఊగినా ఇదే గతి, ఎందుకంటే ఒకసారి నొక్కుకున్న మైనం మళ్ళీ లేచి రాదు. ఫ్లష్ చేసిన ప్రతిసారీ నాలుగు చుక్కలు పడతాయి. నేల మీదికి ఏమీ రాదు, అన్నీ కిందికే. పైన నేల పొడిగా కనిపిస్తూనే కింద జాయిస్ట్ చివికిపోవడం అందుకే.

పరీక్షకు ఈ వరుస పాటించండి. కింద ఒకరు టార్చి లైటు, టిష్యూ కాగితాలతో ఉండాలి. పైన ఒకరు ఒక్కో పని మాత్రమే చేయాలి.

- కమోడ్ ట్యాంకులో రంగు కలిపి పదిసార్లు ఫ్లష్ చేయండి. కింద ఫ్లాంజ్ చుట్టూ కాగితం ఆనించి చూడండి. కమోడ్ ఇప్పటికే తీసేసి ఉంటే పాత మైనం మీద నీరు దాటిన జాడ, ఫ్లాంజ్ కింద నలుపు చూడండి.
- టబ్ ఉంటే పైన ఉండే ఓవర్‌ఫ్లో రంధ్రం దాకా నింపి కాసేపు పొర్లనివ్వండి. దాని వెనక ఉండే రబ్బరు వాషర్ ఎండి చిట్లడం మామూలే. రోజువారీ స్నానంలో ఇది బయటపడదు.
- షవర్ అడుగు గిన్నె డ్రెయిన్‌కు బిరడా బిగించి నీళ్ళు నింపి, పెన్సిల్‌తో గీత పెట్టి 24 గంటలు వదిలేయండి. గీత దిగితే గిన్నె కారుతోంది. దిగకపోతే బిరడా తీసి నీరు ఒక్కసారిగా వదలండి. డ్రెయిన్ గొట్టం అతుకు కారేది అప్పుడే తెలుస్తుంది.
- చివరగా నీళ్ళ పైపులు. ఇంట్లో కుళాయిలన్నీ కట్టేసి, మీటరు ఉంటే దాని ముల్లు కదులుతుందా చూడండి.

రెండు కారణాలు కలిసి ఉండటం కూడా జరుగుతుంది. ఒకటి దొరికిందని ఆగిపోకుండా నాలుగూ చేయండి.

ఎంత కుళ్ళిందో కంటితో తేల్చకండి

నలుపు అంటే కుళ్ళు కాదు. కొన్నిసార్లు నల్లటి చెక్క రాయిలా ఉంటుంది, పక్కన మామూలు రంగులో ఉన్నది బిస్కెట్‌లా విరుగుతుంది. సన్నటి మొన ఉన్న ఆరె గానీ, పదునైన స్క్రూడ్రైవర్ గానీ తీసుకుని, పీచుకు అడ్డంగా ఓ 5 మి.మీ. గుచ్చి, పైకి ఎగదన్నండి. మంచి చెక్క అయితే "టక్" మని గట్టిగా శబ్దం వచ్చి, పొడవాటి పేడు ఒకటి, ఒక కొస ఇంకా అతుక్కునే ఉండి, లేస్తుంది. కుళ్ళిన చెక్క శబ్దం లేకుండా, మొన ఉన్న చోటే చిన్న ముక్కగా తెగి ఊడిపోతుంది. ఈ తేడా రెండు మూడు చోట్ల చేసేసరికి చేతికి తెలిసిపోతుంది. ముందు దూరంగా ఉన్న మంచి జాయిస్ట్ మీద ఒకసారి చేసి, ఆ పట్టు ఎలా ఉందో తెలుసుకుని, తర్వాత అనుమానం ఉన్నవాటికి రండి.

గోధుమ రంగుకు తిరిగి, నిలువుగా అడ్డంగా పగిలి, గళ్ళు గళ్ళుగా ఘనాల్లా విడిపోతోందంటే అది గోధుమ కుళ్ళు. ఇది చెక్కలోని సెల్యులోజ్‌ను తింటుంది. చూపుకు పెద్దగా తేడా లేని తొలి దశలోనే బలం చాలామటుకు పోతుంది. అందుకే మెత్తదనం ఆగిన చోటే ఆగకుండా, పీచు వెంబడి రెండు వైపులా కనీసం 600 మి.మీ. దాకా 50 మి.మీ.కి ఒక గుచ్చు చొప్పున చూస్తూ పోవాలి. తెల్లగా, పీచు పీచుగా మారేది తెల్ల కుళ్ళు. చికిత్స రెంటికీ ఒకటే.

మేకులు దిగిన చోట్ల ప్రత్యేకంగా చూడండి. నీరు మేకు వెంట లోపలికి పోతుంది కాబట్టి పైన 35 మి.మీ. కనిపించినా మేకు దగ్గర 60, 70 మి.మీ. ఉండొచ్చు. ప్లైవుడ్ మేకులు లాగేసి ఆ బెజ్జాల్లో సన్నటి ఆరె దించి చూస్తే తెలుస్తుంది.

35 మి.మీ. పోతే ఏమవుతుందో లెక్క చూడండి. జాయిస్ట్ వంగకుండా నిలిచే గుణం లోతు ఘనాన్ని బట్టి, విరగకుండా నిలిచే బలం లోతు వర్గాన్ని బట్టి మారుతాయి. 235లో 35 పోతే మిగిలింది 200. అంటే లోతు 85 శాతం ఉంది, పెద్దగా పోలేదు అనిపిస్తుంది. కానీ ఆ చోట వంగకుండా నిలిచే బిగువు 62 శాతానికి, బలం 72 శాతానికి పడిపోయాయి. 300 లీటర్ల టబ్ నిండితే నీళ్ళే 300 కిలోలు. పైన టైల్స్ వేస్తే ఇంకో ఇబ్బంది. మామూలు టైల్స్‌కు నిడివిలో 360వ వంతు కన్నా ఎక్కువ వంపు ఉండకూడదంటారు, మీ 3.6 మీటర్లకు అది 10 మి.మీ. సహజమైన రాయికి 720వ వంతు, అంటే 5 మి.మీ.నే. జాయిస్ట్ విరగదు, నిజమే. కానీ టైల్స్ సందుల్లో నింపిన గ్రౌట్ పగులుతుంది, ఆ పగుళ్ళలోంచి మళ్ళీ నీళ్ళు దిగుతాయి.

నేను పాటించే హద్దులు ఇవి. పైపైన 10 మి.మీ. లోపు, అదీ చిన్న మేరలో ఉంటే చెక్కేసి, ఆరబెట్టి, బోరేట్ వేస్తే చాలు. అంతకు మించి లోతులో మూడో వంతు దాకా అయితే పక్కన నిండు నిడివి జత. మూడో వంతు దాటినా, కిందిఅంచు దెబ్బతిన్నా, జాయిస్ట్‌ను మార్చడమో, రెండు పక్కలా జతకట్టడమో చేయాలి. కిందిఅంచు గురించి నొక్కి చెప్పేది ఎందుకంటే, నిడివి మధ్యలో అక్కడ 15 మి.మీ. పోవడం పైన 15 మి.మీ. పోవడం కన్నా ప్రమాదం. సాగే వైపు తెగిన పీచు దగ్గర పగులు మొదలై అలా పాకుతుంది.

ఆరబెట్టడం

దీనికి ఓపిక కావాలి. చెక్కలో తేమ 28–30 శాతం చుట్టుపక్కలకు చేరితే శిలీంధ్రం చక్కగా పెరుగుతుంది. 20 శాతం కింద ఆగిపోతుంది, చావదు. మళ్ళీ తడి తగిలితే మళ్ళీ లేస్తుంది. రెండు సూదుల తేమ మీటరుతో చూడండి. పైపొర ముందు ఆరుతుంది కాబట్టి పైన 15 చూపించి లోపల 30 ఉండొచ్చు. ఓ 20 మి.మీ. లోతున రెండు చిన్న మేకులు కొట్టి, వాటి తలల మీద సూదులు ఆనించి చదవండి. పోల్చుకోవడానికి తడవని జాయిస్ట్‌లో కూడా ఒక కొలత తీసుకోండి. దానికి రెండు మూడు శాతం లోపుకు రావాలి.

తడి ప్లైవుడ్ అంతా తీసేయండి, జాయిస్ట్‌ల మధ్య వేడి, చలి ఆపడానికి నింపిన ఇన్సులేషన్ ఉంటే లాగేయండి. ఫ్యాను గాలి జాయిస్ట్‌ల వెంట నిలువునా వీచేలా పెట్టండి, బయట గాలిలో తేమ ఎక్కువగా ఉంటే ఆ తేమ లాగే డీహ్యుమిడిఫయర్ పెట్టండి. వారం నుంచి మూడు వారాలు పడుతుంది. హీటరు దగ్గరగా పెట్టి తొందరపెడితే పైపొర నెర్రెలిస్తుంది. బ్లీచ్ పోయకండి. అది పైన రంగు పోగొడుతుందే గానీ లోపలికి దిగదు, దానిలో ఉన్న నీరు మాత్రం దిగుతుంది.

బోరేట్ వేసేది మెత్తటి చెక్కంతా ఉలితో తీసేశాక. డైసోడియం ఆక్టాబోరేట్ పొడి నీళ్ళలో కలిపేది వస్తుంది. 10 శాతం ద్రావణం కోసం లీటరుకు 100 గ్రాముల పైచిలుకు పడుతుంది, డబ్బా మీద రాసిన కొలతే పాటించండి. రెండు పూతలు, మధ్యలో కొన్ని గంటలు, కొనల్లోనూ మేకు బెజ్జాల్లోనూ కాస్త ఎక్కువగా. ఇది నీటిలో కరిగేది కాబట్టి మళ్ళీ లీకైతే కడిగేసుకుపోతుంది, పోయిన బలాన్నీ తిరిగి తేదు. పూత వేశాక ఆ తడి కూడా ఆరాలి, మీటరు మళ్ళీ చూడండి.

ఎత్తడం, నిలబెట్టడం

ముందు ఆ గది కరెంటు సర్క్యూట్, నీళ్ళ వాల్వు కట్టేయండి. పాతకాలపు వినైల్ టైల్స్, వాటి కింది జిగురు ఉంటే ఆస్బెస్టాస్ పరీక్ష చేయించకుండా గీకకండి. మురుగు తడిసిన చెక్క కాబట్టి చేతి తొడుగులు, మాస్కు తప్పవు.

కుళ్ళిన జాయిస్ట్ దిగిపోయి ఉంటే, అలా దిగినదానికి కొత్తది బిగిస్తే ఆ గుంట శాశ్వతంగా ఉండిపోతుంది. కింద మట్టి మీద 50 మి.మీ. మందం పలకలు రెండు ఒకదాని మీద ఒకటి అడ్డంగా వేసి, దాని మీద స్క్రూ జాకీ, పైన నాలుగైదు జాయిస్ట్‌లకు అడ్డంగా పోయే ఒక దుంగ పెట్టండి. జాకీ తల నేరుగా ఒక్క జాయిస్ట్‌కు తగలకూడదు, మెత్తబడిన చెక్కలోకి దిగిపోతుంది. రోజుకు 3 మి.మీ. మించి ఎత్తకండి. ఏళ్ళ తరబడి వంగిన చెక్క ఒక్క పూటలో నిటారు కాదు. తొందరపడితే పై గోడల ప్లాస్టరు చిట్లుతుంది, డ్రెయిన్ గొట్టం అతుకులు విడిపోతాయి. ఎత్తిన ప్రతిసారీ కమోడ్ గొట్టాన్ని చూడండి. హైడ్రాలిక్ జాకీ ఎత్తడానికే గానీ మోయడానికి కాదు, అది మెల్లగా దిగిపోతుంది. ఎత్తాక పక్కనే నిలువు గుంజ కొలతకు కోసి బిగించి, బరువు దాని మీదికి వదిలిన తర్వాతే కిందికి పాకండి.

జత కట్టే విధానం

కొత్త చెక్క పాతదాని జాతి, గ్రేడు, లోతు ఉన్నది, బాగా ఆరినది తీసుకోండి. తడి చెక్క బిగిస్తే ఆరాక కుంచించుకుని ప్లైవుడ్‌కు, దానికి మధ్య సందు వస్తుంది. ఆ సందే తర్వాత నేల కిర్రుమనడానికి కారణం. పలకను అంచు మీద నిలబెట్టి ఒక కంటితో చూస్తే ఏ వైపు విల్లులా లేచిందో తెలుస్తుంది. ఆ ఎత్తు పైకి ఉండాలి.

చాలామంది చిక్కుకునేది ఇక్కడ. 235 మి.మీ. పలకను 235 మి.మీ. సందులోకి పడుకోబెట్టి దూర్చి నిలబెట్టబోతే అది నిలబడదు. 38కి 235కి కర్ణం 238 మి.మీ. వస్తుంది, 3 మి.మీ. తక్కువ పడుతుంది. సుత్తితో కొట్టి బలవంతం చేస్తే పై ప్లైవుడ్ లేస్తుంది. మార్గం తేలిక. రెండు కొనల దగ్గర, గోడ చెక్క మీదికి వచ్చే 120 మి.మీ. మేర మాత్రమే, కిందివైపు నుంచి 5 మి.మీ. కోసేయండి. అప్పుడు కర్ణం 233కి దిగుతుంది, పలక సులువుగా తిరుగుతుంది. నిలబెట్టాక కొనల కింద 5 మి.మీ. ఇనుప పట్టీ గానీ గట్టి కర్ర చెక్క గానీ రెండు వైపుల నుంచి తట్టి బిగించండి. కోసిన చోట మూల నిటారుగా కాకుండా వాలుగా ఉండాలి, లేదంటే ఆ మూల నుంచి పగులు పుడుతుంది. పొడవు అసలు కొలత కన్నా 10 మి.మీ. తక్కువ కోయండి. పైన నేలంతా విప్పేసి ఉంటే ఈ తిప్పలు ఉండవు, పైనుంచి నేరుగా దించొచ్చు.

కూర్చునే చోటు చెక్క మీదైతే కనీసం 38 మి.మీ., ఇటుక గోడ మీదో కాంక్రీటు మీదో అయితే 75 మి.మీ. దొరకాలి. మీ రెండో జాయిస్ట్‌కు ప్రాణం ఇక్కడే ఉంది. కొన కుళ్ళినప్పుడు దాని కింద గోడ మీద పరిచిన చెక్క కూడా మెత్తబడి ఉంటుంది. ఆరె గుచ్చి చూడండి. అది పోతే ముందు దాన్ని మార్చాలి. ఆ చోట పాత కొనను 600 మి.మీ. దాకా కోసి తీసేయండి, కుళ్ళు కొత్తదాన్ని ఆనుకుని ఉండకూడదు. ఇటుక గూటిలోకి దూరే కొన అయితే చుట్టూ గాలి ఆడేలా 10 మి.మీ. సందు, కింద తేమ ఆపే పొర పెట్టండి.

పక్కన కొత్తది కుళ్ళిన మేర దాటి అటూ ఇటూ 900 మి.మీ. పోతే చాలని చెబుతారు. ఆ పద్ధతి మధ్యలో చిన్న దెబ్బకు పనికొస్తుంది, కానీ బరువంతా బోల్టుల మీదుగా పాత చెక్కలోకి పోయి, పాత కొనల మీదే దిగుతుంది. కింద జాగా ఉన్నప్పుడు ఆ రాజీ ఎందుకు? నిండు నిడివి పెట్టండి. మధ్యలో పైపు అడ్డొచ్చి నిడివి చెక్క పోకపోతే, గొట్టం తాత్కాలికంగా విప్పడమే మేలు.

బిగింపు: పాత చెక్కను కడిగి కాదు, గీకి శుభ్రం చేసి, నిర్మాణపు జిగురు రెండు మూడు గీతలుగా వేయండి. తడి మీద జిగురు పట్టదు. క్లాంపులతో నొక్కి, 12 మి.మీ. బోల్టులు ఒకటి పైన ఒకటి కింద చొప్పున 400 మి.మీ.కి ఒకటి, అంచు నుంచి 50 మి.మీ. వదిలి. కొనల్లో మాత్రం రెండేసి. మీ 3.6 మీటర్లకు ఒక్కో జాయిస్ట్‌కు 12 బోల్టులు పడతాయి, పొడవు 100 మి.మీ., రెండు వైపులా వెడల్పు వాషర్లు. బెజ్జం 13 మి.మీ. మించకూడదు. వాషర్ చెక్కలోకి కొద్దిగా అదిమేదాకా బిగించి ఆపండి. బోల్టులు కుదరకపోతే నిర్మాణపు స్క్రూలు, 70 మి.మీ. పొడవు, 300 మి.మీ.కి రెండు చొప్పున. డ్రైవాల్ స్క్రూలు వాడకండి. నల్లగా, పదునుగా ఉండి తేలిగ్గా దిగుతాయి, కానీ పెళుసు. అడ్డంగా బరువు పడితే వంగకుండా పుటుక్కున తెగుతాయి. మందు పట్టించిన చెక్క వాడితే దానిలోని రాగి మామూలు ఇనుమును తినేస్తుంది, హాట్ డిప్ గాల్వనైజ్డ్ గానీ స్టెయిన్‌లెస్ గానీ కావాలి.

చెక్కేసిన పాత పైఅంచు దగ్గర గుంట ఉండిపోతుంది కదా, దాన్ని ఏదీ పోసి నింపకండి. ప్లైవుడ్ కొత్త జాయిస్ట్ మీద కూర్చుంటుంది. ఆ గుంటలో గాలి ఆడటమే మంచిది.

గొట్టం కోసం ఎవరో కోసిన జాయిస్ట్

బాత్రూమ్ కింద కుళ్ళు పక్కనే ఇది కూడా తరచు దొరుకుతుంది. అమెరికాలో ఇళ్ళకు వాడే ఐఆర్‌సీ కోడ్ ప్రకారం గాటు జాయిస్ట్ లోతులో ఆరో వంతు మించకూడదు, అదీ నిడివి మధ్య మూడో భాగంలో అసలు ఉండకూడదు. కొనల్లో నాలుగో వంతు దాకా సరే. బెజ్జం మూడో వంతు మించకూడదు, అంచులకు 50 మి.మీ. దూరంలో ఉండాలి. మీ 235కి లెక్క కడితే గాటు 39, కొన గాటు 58, బెజ్జం 78 మి.మీ. కమోడ్ గొట్టం మూడు అంగుళాలదైనా బయటి కొలత 89 మి.మీ. అంటే ఆ జాయిస్ట్‌లోంచి అది చట్టబద్ధంగా దూరే మార్గమే లేదు. మీ ప్రాంతపు కోడ్ వేరుగా ఉంటే దాన్నే పాటించండి, చెక్క స్వభావం మాత్రం ఎక్కడైనా ఇదే.

గొట్టం దారిలోనే జాయిస్ట్ ఉంటే బెజ్జం పెంచడం కాదు, జాయిస్ట్‌ను అక్కడ కోసి చట్రం కట్టాలి. ముందు రెండు వైపులా గుంజలతో నిలబెట్టి, గొట్టానికి అటూ ఇటూ జాయిస్ట్‌ను కోసి, పక్క జాయిస్ట్‌ల మధ్య అడ్డంగా రెండేసి పలకలు కలిపిన అడ్డ దూలాలు పెట్టి, జాయిస్ట్ హ్యాంగర్లతో (కొనను పట్టి మోసే ఇనుప తొడుగులు) వేలాడదీయాలి. ఆ బరువు ఇప్పుడు పక్క జాయిస్ట్‌ల మీద పడుతుంది కాబట్టి వాటిని కూడా జతకట్టాలి. హ్యాంగర్‌లో ఉన్న బెజ్జాలన్నీ దాని కోసం చెప్పిన మేకులతోనే నింపండి. సగం బెజ్జాలు ఖాళీగా వదిలేస్తే అది మోసేది కూడా సగమే.

మీరే చేయకూడనివి. ఐ ఆకారపు ఫ్యాక్టరీ జాయిస్ట్‌లు, ట్రస్సులు తడిసి ఉబ్బితే పక్కన పలక కడితే కుదరదు, తయారీదారు ఇచ్చే మరమ్మతు పద్ధతి ఉంటుంది. వరుసగా మూడు నాలుగు జాయిస్ట్‌లు కొనల్లో పోయినా, మధ్య దూలం మెత్తబడినా, పైన బరువు మోసే గోడ ఉన్నా స్ట్రక్చరల్ ఇంజనీరు చూడకుండా కోత మొదలుపెట్టకండి. జాకీ పని ఒంటరిగా అసలు వద్దు.

నేల మూసేటప్పుడు

ప్లైవుడ్‌ను జాయిస్ట్ మధ్యకు కోసి, ఆ అంచు కింద జాయిస్ట్ ఉండేలా చూడండి. లేని వైపు జాయిస్ట్‌ల మధ్య అడ్డ ముక్కలు పెట్టండి, అంచు గాలిలో వేలాడకూడదు. 18 మి.మీ., బయటి వాడకపు జిగురుతో చేసిన ప్లైవుడ్, పైపీచు జాయిస్ట్‌లకు అడ్డంగా, షీట్ల మధ్య 3 మి.మీ. సందు. జాయిస్ట్ మీద జిగురు గీత, 50 మి.మీ. స్క్రూలు అంచుల్లో 150 మి.మీ.కి, మధ్యలో 200 మి.మీ.కి ఒకటి.

ఫ్లాంజ్ అడుగు తయారైన టైల్ మీద కూర్చోవాలి, ప్లైవుడ్ మీద కాదు. దాన్ని స్టెయిన్‌లెస్ స్క్రూలతో కింది ప్లైవుడ్‌లోకి పట్టేలా బిగించండి. కమోడ్‌ను మైనం లేకుండా ఒకసారి పెట్టి ఊపి చూడండి. ఊగితే కింద సన్నటి ప్లాస్టిక్ బిళ్ళలు (షిమ్‌లు) పెట్టి, ఊగడం పూర్తిగా ఆగాకే తీసి, కొత్త వ్యాక్స్ రింగ్‌తో నేరుగా దించండి. ఒకసారి దించి మళ్ళీ ఎత్తితే ఆ రింగ్ పనికిరాదు, ఇంకోటి పెట్టాల్సిందే. బోల్టులు ఇటో అరచుట్టు అటో అరచుట్టు బిగించండి. పింగాణీ చెప్పకుండా పగులుతుంది. చుట్టూ సీలెంట్ వేసేటప్పుడు వెనకవైపు ఓ 50 మి.మీ. వదిలేయండి. మళ్ళీ ఎప్పుడైనా కారితే ఆ నీరు లోపల దాక్కోకుండా బయటికి కనిపిస్తుంది.

కింద ఇన్సులేషన్ వెంటనే కట్టేయకండి. మొదట చెప్పిన నాలుగు నీళ్ళ పరీక్షలు మళ్ళీ చేసి, తర్వాత నెల రోజులు వాడుకుని, ఆ రెండు మేకుల దగ్గర మీటరు పెట్టి చూడండి. పక్క పొడి జాయిస్ట్‌తో సమానంగా చూపిస్తే అప్పుడు మూసేయండి. ఎక్కువ చూపిస్తే ఎంత చూపిస్తోందో, ఏ జాయిస్ట్ దగ్గరో ఇక్కడే రాయండి, చూసి చెబుతాను.